కొజిమా దగ్గర ఏం నేర్చుకోవాలి? పలాస జీడి ఫ్యాక్టరీలో పది నిమిషాల దాగుడుమూతల గేమ్

జీడితోట (పలాస)

మాస్టార్లందరికీ నమస్కారం. ముగ్గురం కలిసి పది నిమిషాల్లో అయిపోయే స్టెల్త్ గేమ్ ఒకటి చేస్తున్నాం. స్థలం పలాసలో ఒక జీడి ఫ్యాక్టరీ, రాత్రి వేళ. గేటు, పిక్కల బస్తాల గోదాం, బాయిలర్ షెడ్డు, తొక్కల గుట్ట, ఆఫీసు గది, అంతే. ఇద్దరు కావలివాళ్ళు. ఆఫీసు గదిలో ఉన్న తూకాల పుస్తకం తీసుకుని వాళ్ళ కంటబడకుండా గేటు దాటాలి. గోడో 4 అనే గేమ్ ఇంజిన్‌లో కడుతున్నాం, 3డి బొమ్మలు బ్లెండర్‌లో. లాప్‌టాప్ 8 జీబీ ర్యామ్, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు.

మాకు ఆదర్శం మెటల్ గేర్ గేములు తీసిన జపాన్ దర్శకుడు హిడియో కొజిమా. సినిమాలా ఉండాలని మొదట 4 నిమిషాల కట్‌సీన్ (ఆటగాడు ఆడకుండా చూస్తూ కూర్చునే సీను) రాశాం. పదిలో నాలుగు అక్కడే పోతున్నాయి. కొజిమా గేముల్లో ఏది ముందు చూడాలి, దేంట్లో ఏం పట్టుకోవాలి? కట్‌సీన్ ఎంత ఉండాలి? కావలివాడి చూపు, కెమెరా ఎలా కట్టాలి? అంకెలతో చెప్పగలిగితే మేలు. మేము పెట్టిన కెమెరాలో అంతా బొమ్మరిల్లులా కనిపిస్తోంది, సినిమాలా లేదు. ఎందుకో తెలియడం లేదు.

సాలిహుండం

ముందు ఆ 4 నిమిషాలు పక్కన పెట్టండి, తర్వాత చూద్దాం. కొజిమా పనిని 1987 నుంచి వరసగా చూస్తే మీ ప్రశ్నలకి సగం జవాబులు అక్కడే దొరుకుతాయి.

ఆయన పుట్టింది 1963లో. ఇంట్లో రోజూ రాత్రి సినిమా చూడటం ఆనవాయితీ, అది అయ్యేదాకా పిల్లలు పడుకోకూడదు. పదమూడేళ్ళప్పుడు తండ్రి పోయారు. చదివింది అర్థశాస్త్రం, కావాలనుకున్నది సినిమా దర్శకుడు. 1986లో గేముల కంపెనీ కొనామీలో ఎంఎస్ఎక్స్ అనే ఇంటి కంప్యూటర్ల విభాగంలో చేరి, మొదట పెంగ్విన్ అడ్వెంచర్‌కి పనిచేశారు. తర్వాత వచ్చిన పని యుద్ధం గేమ్ చెయ్యమని.

ఇక్కడ ఆ కంప్యూటర్ గురించి తెలియాలి. ఎంఎస్ఎక్స్2లో అడ్డంగా ఒక గీత మీద ఎనిమిది స్ప్రైట్లకి (తెరమీద కదిలే చిన్న బొమ్మలకి) మించి నిలబడవు. ఒక్కో స్ప్రైట్‌కి ఒక గీత మీద ఒకే రంగు. మనిషి కాస్త రంగులతో కనిపించాలంటే రెండు స్ప్రైట్లు ఒకదానిమీద ఒకటి పెట్టాలి. అంటే ఒకే వరసలో నలుగురు మనుషులొస్తే కోటా అయిపోతుంది, ఇక తూటాలకి చోటెక్కడ? మించినవి మాయమవుతాయి. పైగా తెరని అడ్డంగా జరిపే ఏర్పాటు ఆ చిప్‌లో లేదు. ఇలాంటి దాంట్లో యుద్ధం నడవదు. కొజిమా కథానాయకుణ్ణి పారిపోయేవాడిగా, దాక్కునేవాడిగా మార్చారు. ఖైదీలు తప్పించుకునే కథతో 1963లో వచ్చిన ‘ది గ్రేట్ ఎస్కేప్’ సినిమా తనకి దారి చూపిందని ఆయనే చెప్పారు. తెర జరగదు కాబట్టి ఒక్కో గది ఒక్కో షాట్ అయింది. శత్రువులు తక్కువ కాబట్టి ఒక్కొక్కడికీ బరువొచ్చింది. 1987 జులైలో వచ్చిన మెటల్ గేర్ అదే. అప్పటికి ఆయనకి ఇరవై మూడేళ్ళు.

మీ లాప్‌టాప్‌ని కూడా ఇదే చూపుతో చూడండి. ఇద్దరు కావలివాళ్ళే ఉండటం లోటు అనుకోకండి, అదే మీ గేమ్.

ఆ మొదటి మెటల్ గేర్‌లో కావలివాడు ముక్కుసూటిగా మాత్రమే చూస్తాడు. తలమీద ఒక ఆశ్చర్యార్థకం వస్తే ఆ తెర వరకే గొడవ, పక్క తెరలోకి వెళితే సద్దుమణుగుతుంది. రెండొస్తే బయటినుంచి మనుషులు దిగుతారు. 1990లో వచ్చిన మెటల్ గేర్ 2లో చూపు కోణం విశాలమైంది, కావలివాడు తల తిప్పుతాడు, చప్పుడు వింటాడు. పాకడం వచ్చింది. మూలన ఉండే రాడార్‌లో మీరున్న తెరతో కలిపి తొమ్మిది తెరలు కనిపిస్తాయి. అన్నిటికంటే మీకు పనికొచ్చేది నేల. కొన్ని నేలలమీద నడిస్తే అడుగుల చప్పుడు పైకి వినిపిస్తుంది. మీ దగ్గర జీడి తొక్కల గుట్ట ఉంది కదా! తొక్కలమీద నడిస్తే కరకరలాడాలి, బూడిదమీద నడిస్తే చప్పుడు రాకూడదు. బాయిలర్ నడుస్తున్నంతసేపూ ఆ హోరులో తొక్కల చప్పుడు కలిసిపోవాలి. బాయిలర్ 20 సెకన్లు నడిచి 10 సెకన్లు ఆగేలా పెట్టండి. ఆ పది సెకన్లలో తొక్కలమీద ఒంటికాలిమీద నిలబడిపోయిన మనిషి గుండె ఎలా కొట్టుకుంటుందో చూడండి. ఏ కట్‌సీనూ అంత పని చేయదు.

ఈ రెండు గేములూ 2023 అక్టోబరులో వచ్చిన మాస్టర్ కలెక్షన్ మొదటి భాగంలో, తర్వాతి మూడు మెటల్ గేర్ సాలిడ్ గేములతోపాటు ఉన్నాయి. పాత రెండూ మీ లాప్‌టాప్‌లో ఆడుకోవచ్చు. ఒక్క జాగ్రత్త: అదే కట్టలో నింటెండో వాళ్ళ ఎన్ఈఎస్ కోసం చేసిన మెటల్ గేర్ కూడా ఉంటుంది. అడవిలో మొదలవుతుంది, అసలు మెటల్ గేర్ యంత్రం కూడా అందులో ఉండదు. అది కొజిమా చేసింది కాదు, వేరే బృందం మార్చి తెచ్చింది. దాన్ని చూసి ఆయన పద్ధతి ఇదీ అని లెక్క వేసుకోకండి.

కోటగుమ్మం (విజయనగరం)

చూపు సంగతి చెబుతాను.

కావలివాడి కంటినుంచి ఆటగాడి వైపు దిశ తీసుకోండి, వాడి ముఖం దిశతో డాట్ ప్రొడక్ట్ (రెండు దిశలు ఎంత కలిశాయో చెప్పే లెక్క) వెయ్యండి. మొత్తం 60 డిగ్రీల చూపు కావాలంటే సగం 30, దాని కొసైన్ 0.866. అంతకన్నా ఎక్కువొస్తే చూపు పరిధిలో ఉన్నట్టు. తర్వాత దూరం, 8 మీటర్లు చాలు. ఈ రెండూ కుదిరాకే రేకాస్ట్ (మధ్యలో అడ్డు ఉందా అని చూసే కనబడని గీత) వెయ్యండి, ప్రతి ఫ్రేమ్‌కీ ముందే వేసి కూర్చోవద్దు. రేకాస్ట్ ఒకటి సరిపోదు. తలకి, ఛాతీకి, మోకాలికి మూడు వెయ్యండి. ఛాతీకి ఒక్కటే వేస్తే బస్తాల సందులోంచి తల మొత్తం బయటికి పెట్టినా కనబడనట్టే ఉంటుంది, ఆడేవాళ్ళు నవ్వుతారు. మూడింట్లో ఎన్ని తగిలితే అనుమానం అంత వేగంగా పెరగాలి.

అనుమానాన్ని సున్నా నుంచి ఒకటి దాకా పెరిగే అంకెగా పెట్టుకోండి. 3 మీటర్లలోపు 0.3 సెకన్లలో నిండాలి, 8 మీటర్ల దగ్గర 1.5 సెకన్లు పట్టాలి. వంగి ఉంటే ఆ సమయం రెట్టింపు. తగ్గేటప్పుడు మాత్రం నిదానంగా, నిండుగా ఉన్నది ఖాళీ కావడానికి 4 సెకన్లు. ఎక్కే వేగంతోనే దిగితే కావలివాడు మతిమరుపు మనిషిలా ఉంటాడు.

ఎక్కువమంది చేసే తప్పు ఇంకోటి. సరిగ్గా 30 డిగ్రీల అంచున నిలబడితే కనబడ్డాడు, కనబడలేదు, కనబడ్డాడు అని మిణుకుమిణుకుమంటుంది. లోపలికి రావడానికి 30, బయటికి పోవడానికి 38 పెట్టండి. ఆ ఎనిమిది డిగ్రీల తేడాతో జబ్బు పోతుంది.

కనిపెట్టాక వెంటనే పరుగెత్తించొద్దు. ఆశ్చర్యార్థకం, శబ్దం, 0.8 సెకన్ల నిశ్చలం. ఆటగాడికి తప్పు ఎక్కడ జరిగిందో అర్థమయ్యేది ఆ ముప్పావు సెకన్లోనే. తర్వాత వెంటపడటం, ఆఖరిసారి చూసిన చోట వెతకడం, ఆ తర్వాత జాగ్రత్తగా తిరగడం. ఈ మూడో దశ 2001లో మెటల్ గేర్ సాలిడ్ 2తో వచ్చింది. మీ చిన్న గేమ్‌కి వెంటపడటం 12 సెకన్లు, వెతకడం 15, జాగ్రత్త 20 సరిపోతాయి. అంతకు మించితే ఆడేవాడు మూల కూర్చుని గడియారం చూసుకుంటాడు.

ఇంకో మాట. వెతికేటప్పుడు కావలివాడికి ఆటగాడి అసలు స్థానం ఇవ్వకండి. చూపు తప్పిన క్షణంలో ఉన్న స్థానాన్ని విడిగా దాచిపెట్టి అదే ఇవ్వండి. అసలు స్థానం ఇస్తే గోడ వెనకున్నా నేరుగా వచ్చేస్తాడు, ఇక దాక్కోవడానికి అర్థమే లేదు.

నాగావళిఒడ్డు (శ్రీకాకుళం)

బొమ్మరిల్లు ఎందుకైందంటే, లెన్స్ మార్చలేదు మీరు. గోడోలో కెమెరా ఫీల్డ్ ఆఫ్ వ్యూ (కెమెరా చూసే కోణం) మామూలుగా 75 డిగ్రీలు ఉంటుంది, అది నిలువు కోణం. 24 మిల్లీమీటర్ల ఎత్తుండే ఫుల్‌ఫ్రేమ్ లెక్కన అది దాదాపు 16 మిల్లీమీటర్ల లెన్స్. అంత వెడల్పాటి లెన్స్‌తో సినిమా మొత్తం తీస్తారా ఎవరైనా? దగ్గరి వస్తువు ఉబ్బుతుంది, దూరంది చీమంతైపోతుంది. బాయిలర్ గొట్టం ఎంత ఎత్తుదైనా బొమ్మలా ఉంటుంది.

లెక్క ఇదీ: 24 మిల్లీమీటర్ల లెన్స్ అంటే 53 డిగ్రీలు, 35 అంటే 38, 50 అంటే 27, 85 అంటే 16. గోదాం లోపల ఆడేటప్పుడు 45 నుంచి 53 మధ్య ఉంచండి. మరీ తగ్గిస్తే నాలుగు గోడల మధ్య కెమెరాకి వెనక్కి జరిగే చోటుండదు. కట్‌సీన్‌లో ముఖాలకి 27. తొక్కల గుట్టమీద దూరంగా కావలివాడి టార్చిలైటు చూపించే షాట్‌కి 16 పెట్టి, కెమెరాని ఇరవై మీటర్లు వెనక్కి తీసుకెళ్ళండి. గుట్ట, మనిషి, వెనకున్న గొట్టం అన్నీ ఒకదానికొకటి అతుక్కున్నట్టు దగ్గరైపోతాయి. అప్పుడు ఆ గొట్టం ఎత్తు తెలుస్తుంది.

కొజిమా కెమెరా నేర్చుకోవడానికి 1998 సెప్టెంబరులో ప్లేస్టేషన్‌కి వచ్చిన మెటల్ గేర్ సాలిడ్ ఒక్కటి చాలు. ఆ మిషన్‌లో ప్రధాన ర్యామ్ 2 మెగాబైట్లే. పాత్రల నోళ్ళు కదలవు, కళ్ళు రెండు నీడలు, మాట్లాడేటప్పుడు తల ఊపుతారంతే. అయినా పెర్‌ఫార్మెన్స్‌లా అనిపిస్తుంది. కారణం కెమెరా కోత (ఒక షాట్ నుంచి ఇంకో షాట్‌కి మారడం), గొంతులు, యోజి షింకావా గీసిన ఆకారాలు. కట్‌సీన్లు కూడా ఆట నడిచే ఇంజిన్‌లోనే నడిపారు కాబట్టి ఆటకీ సీన్‌కీ మధ్య అతుకు కనబడదు. మీరు కూడా వీడియో ఫైలు పెట్టకండి, ఇంజిన్‌లోనే నడపండి. సైజు కలిసొస్తుంది, అతుకూ ఉండదు.

అందులో మొదటి పావుగంట కాగితం పెట్టుకుని చూడండి. కథానాయకుడు నీళ్ళలోంచి రేవులోకి తేలతాడు. మీరు ఆడుతుంటేనే పేర్లు పడుతుంటాయి. లిఫ్ట్ దొరికి పైకి వెళ్ళాక ముసుగు తీస్తాడు, అప్పుడు గానీ టైటిల్ పడదు. అంటే టైటిల్ వచ్చేసరికి మీరు నడవడం, వంగడం, కావలివాళ్ళ తిరుగుడు లెక్కపెట్టడం, ఇవన్నీ నేర్చేసుకున్నారు. పాఠాన్ని టైటిల్స్ కింద దాచిపెట్టాడు. జీడితోట గారూ, మీ 4 నిమిషాల కట్‌సీన్‌లో సమాచారం అంతా ఇలాగే పంచవచ్చు. గేటు దగ్గర్నుంచి గోదాందాకా నడిపించి, గోదాం తలుపు తీశాక టైటిల్ వెయ్యండి.

గోడకి ఆనుకున్నప్పుడు జరిగేదీ చూడండి. మామూలుగా పైనుంచి చూసే కెమెరా, మూలన గోడకి ఆనుకోగానే కిందికి దిగి, పక్క వసారా మొత్తం చూపిస్తుంది. ఆటగాడి చెయ్యి దర్శకుణ్ణి పిలిచినట్టు ఉంటుంది అది. కట్టడానికి పెద్ద కష్టం లేదు: పై కెమెరా ఒకటి, మూల కెమెరా ఒకటి గుర్తులుగా పెట్టి, నిజంగా చూపించే మూడో కెమెరాని వాటి మధ్య 0.4 సెకన్లలో జరపండి, ఫీల్డ్ ఆఫ్ వ్యూతో సహా. 0.2 అయితే కుదిపినట్టుంటుంది, 0.8 అయితే కావలివాడు వచ్చేస్తాడు.

ఇక్కడ కచ్చితంగా తగిలే గుంట ఒకటుంది. కెమెరా మారగానే ‘ముందుకు’ అన్న దిశ మారిపోతుంది. ముందుకి నొక్కి పట్టుకున్న మనిషి ఉన్నట్టుండి వెనక్కి తిరిగి కావలివాడి ఒళ్ళో పడతాడు. దిశని పాత కెమెరా ప్రకారమే ఉంచి, మీట వదిలి మళ్ళీ నొక్కాకే కొత్త కెమెరాకి మార్చాలి. కెమెరా ప్రాంతాలు కూడా ఒకదానిమీద ఒకటి మీటరు చొప్పున ఎక్కి ఉండాలి. అంచుకి అంచు కలిపి పెడితే గీతమీద నిలబడ్డవాడికి తెర అటూ ఇటూ ఊగుతుంది.

నమూనా చేసి చూసుకోవడానికి కంప్యూటరే అక్కర్లేదు. సాలిడ్ కోసం కొజిమా బృందం లెగో ఇటుకలతో గదులు కట్టి, చిన్న కెమెరా పెట్టి చూసుకుంది. మీరు అగ్గిపెట్టెలు బస్తాలుగా పేర్చి, ఫోను కెమెరా ఆ ఎత్తులో పెట్టి చూడండి. కావలివాడు ఏ సందులో కనబడకుండా పోతాడో అరగంటలో తేలిపోతుంది. బ్లెండర్‌లో వారం పోదు.

జీడితోట (పలాస)

చాలా థాంక్సండీ. లెన్స్ మార్చగానే గోదాం గోదాంలా ఉంది. ఇప్పుడు మూడు ఇబ్బందులు. కావలివాడు వెనకనున్నవాణ్ణి చూస్తున్నాడు, ఎదురుగా ఉన్నవాణ్ణి వదిలేస్తున్నాడు. నేలమీద బల్బుల్లో కొన్ని వెలుగు వెయ్యడం లేదు, మిగతావి వేస్తున్నాయి. తెలుగు సబ్‌టైటిల్స్ అక్షరం అక్షరంగా పడేలా పెడితే వత్తులు విడిపోయి, తర్వాత కలుస్తున్నాయి. బ్రౌజర్ వెర్షన్‌లో అయితే అన్నీ డబ్బాలే.

కోటగుమ్మం (విజయనగరం)

మొదటిది: గోడోలో ‘ముందు’ అంటే మైనస్ జెడ్ అక్షం వైపు. బ్లెండర్‌లో మనకి ఎదురుగా చూస్తున్నట్టు చేసిన మనిషి జీఎల్‌టీఎఫ్ (3డి బొమ్మల ఫైలు) గా వచ్చేసరికి ప్లస్ జెడ్ వైపు చూస్తాడు. బొమ్మ ఇటు, లెక్క అటు. బొమ్మ ఉన్న నోడ్‌ని మాత్రం వై అక్షం మీద 180 డిగ్రీలు తిప్పండి. దానిపైనున్న పేరెంట్ నోడ్‌ని తిప్పితే రెండూ కలిసి తిరిగి జబ్బు అలాగే ఉంటుంది. రేకాస్ట్ కావలివాడి సొంత క్యాప్సూల్‌కే (తగులుడు లెక్కకి వాడి ఒంటిచుట్టూ పెట్టే ఆకారానికే) తగులుతోందేమో కూడా చూసుకోండి, మినహాయింపుల్లో వాణ్ణి చేర్చాలి.

రెండోది: గోడోలో బొమ్మ గీసే పద్ధతుల్లో తేలికైన కంపాటిబిలిటీ రెండరర్‌లో ఉన్నారు, మీ లాప్‌టాప్‌కి అదే సరైనది. కానీ అందులో ఒక మెష్‌ (ఒకే ముక్కగా ఉన్న 3డి ఆకారం) మీద అన్ని వైపులా వెలిగే ఓమ్నీ లైట్లు ఎనిమిది, స్పాట్ లైట్లు ఎనిమిదే పనిచేస్తాయి. ఫ్యాక్టరీ నేలంతా ఒకే మెష్‌గా చేసుంటారు. దాన్ని 6 మీటర్ల ముక్కలుగా కొయ్యండి. సెట్టింగుల్లో ఆ హద్దు పెంచుకునే వీలుంది కానీ మీ మిషన్ మీద వేగం పడిపోతుంది.

మూడోది: గోడో 4లో ఉన్నారు కాబట్టి బతికిపోయారు, 3లో అయితే తెలుగు వత్తులు అసలు కలవవు. అక్షరాలు పడే తీరుకి ‘షేపింగ్ (అక్షరాలు, వత్తులు కలిసి రూపు కట్టడం) తర్వాత’ అన్న ఎంపిక లేబుల్‌లో ఉంటుంది, అది పెట్టండి. లేకపోతే ‘క్ష’ పడేముందు ‘క్’ కనబడి, గుణింతాలు ఎగిరెగిరి పడతాయి. డబ్బాలకి కారణం ఫాంటు. డెస్క్‌టాప్‌లో అయితే సిస్టమ్‌లో ఉన్న తెలుగు ఫాంటు తెచ్చుకుంటుంది, బ్రౌజర్‌లో ఆ దారి లేదు. నోటో సాన్స్ తెలుగు గానీ మండలి గానీ ప్రాజెక్టులోనే పెట్టి, థీమ్‌లో కట్టండి.

పైనా కిందా నల్ల పట్టీలు పెడతారేమో, 1920 బై 1080 తెరమీద 2.39 నిష్పత్తికి ఒక్కో పట్టీ 138 పిక్సెళ్ళు. కింది పట్టీలో 40 సైజు తెలుగు రెండు వరసలు, వరసకి 60 పిక్సెళ్ళ ఎడంతో పడతాయి. ఇంగ్లీషుకి చాలే ఎడం తెలుగుకి చాలదు, పై వరస వత్తులు కింది వరస తలకట్లకి తగులుతాయి.

బొబ్బిలిబాట

ఆలస్యంగా వచ్చాను. కట్‌సీన్ పొడవు గురించి ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. నేను మాట్లాడతాను. కొజిమాని అభిమానించేవాళ్ళు మొదట నేర్చుకునేది ఆయన బలహీనతనే. 2008లో వచ్చిన మెటల్ గేర్ సాలిడ్ 4లో ఒకే కట్‌సీన్ 27 నిమిషాలుంది, ముగింపులో వరసగా వచ్చేవన్నీ కలిపితే 71. గిన్నిస్‌కి ఎక్కిన అంకెలివి. ఆ గేమ్‌లో గొప్ప ఘట్టాలున్నాయి, నాకు ఇష్టం కూడా. కానీ చేతిలో మీట ఉన్నవాణ్ణి అంతసేపు ప్రేక్షకుడిగా కూర్చోబెట్టడం సినిమాకీ మేలు కాదు, ఆటకీ కాదు.

ఆయన నిజంగా దర్శకుడనిపించేది 2004లో వచ్చిన మూడో సాలిడ్‌లో. కథ తెలియకూడదనుకునేవాళ్ళు రెండు పేరాలు దాటేయండి.

ఒక నిచ్చెన ఉంది అందులో. అడవి దాటి కొండమీదికి వెళ్ళాలి, బావిలాంటి గొట్టంలో నిచ్చెన. కథానాయకుడు రెండు నిమిషాలు ఎక్కుతూనే ఉంటాడు. శత్రువు లేడు, మలుపు లేదు. సగంలో టైటిల్ పాట, వాయిద్యాల్లేకుండా గొంతు ఒక్కటే మొదలవుతుంది. మీరు చేసే పని ఒకటే, మీట పైకి నొక్కి పట్టుకోవడం. వదిలేస్తే ఆగిపోతాడు. సినిమాలో ఆ షాట్‌ని పది సెకన్లకి కోసేస్తారు. ఇక్కడ ఎక్కేది మీ బొటనవేలు కాబట్టి నిలబడింది.

చివర తెల్లపూల మైదానంలో గురువుతో పోరు, పది నిమిషాల గడువు. ఆమె పడిపోయాక కెమెరా సినిమాలాగే కదులుతుంది, తుపాకీ ఆమె వైపు ఉంటుంది, ఇక ఏమీ జరగదు. మీరు బటన్ నొక్కేదాకా సీను ముందుకి పోదు. నొక్కాల్సింది మీరే. ఆ పని వీడియోలో చూపించి ఊరుకుని ఉంటే మామూలు విషాదం, అంతే.

మీ గేమ్‌కి నా లెక్క: పది నిమిషాలకి కట్‌సీన్లన్నీ కలిపి 70 సెకన్లు. ఏ ఒక్కటీ 25 దాటకూడదు. ఒక్కదాంట్లోనైనా బటన్ పని ఆటగాడికి వదలండి. తూకాల పుస్తకం తీసుకునే షాట్‌లో చెయ్యి పుస్తకం మీద ఆగిపోవాలి, నొక్కితేనే తియ్యాలి. బయట టార్చిలైటు కిటికీ మీదుగా పోతూ ఉండాలి. ఎప్పుడు నొక్కాలో వాళ్ళిష్టం.

కట్‌సీన్ దాటేసే బటన్ తప్పకుండా పెట్టండి. అందులోనూ ఒక మోసం ఉంది: సీను ఆఖర్న తలుపు తెరుచుకునే ఆదేశాన్ని యానిమేషన్ చివర పెడితే, సీను దాటేసినవాడికి తలుపు ఎప్పటికీ తెరుచుకోదు. సీను వల్ల మారేవన్నీ, తలుపు, తాళం, కావలివాడి స్థానం, ఒకే ఫంక్షన్‌లో రాసి, సీను పూర్తయినా దాటేసినా అదే పిలిచేలా చెయ్యండి.

సాలిహుండం

బొబ్బిలిబాట గారి లెక్కకి నాది ఒక్క సవరణ. పొడవు తగ్గించడం ఒక్కటే దారి కాదు. 2014లో గ్రౌండ్ జీరోస్, 2015లో ఫాంటమ్ పెయిన్ వచ్చేసరికి కొజిమా కోతలే మానేశారు. గ్రౌండ్ జీరోస్ మొదట్లో వానలో కెమెరా మనుషుల మధ్య తిరిగి తిరిగి, కోత లేకుండానే వచ్చి కథానాయకుడి వీపు వెనక ఆగుతుంది, ఇక నడిపించేది మీరే. చిన్న బృందానికి ఇది కష్టమనుకుంటారు గానీ నిజానికి తేలిక. కోతలు ఎక్కువైతే ప్రతి కోతకీ లైట్లు, నిలబడే చోట్లు సరిచూసుకోవాలి. ఒకే షాట్ అయితే కెమెరాకి ఒక దారి గీసి, ఆఖరి బిందువుని ఆట కెమెరా స్థానానికి సరిగ్గా కలిపితే చాలు. స్థానం, తిప్పుడు, ఫీల్డ్ ఆఫ్ వ్యూ మూడూ కలవాలి. మూడోది మర్చిపోతే చివర్లో తెర చిన్నగా ఎగిరిపడుతుంది, దాంతో మాయంతా పోతుంది.

నడవా ఒక్కటే కట్టగలిగిన వాళ్ళకైతే 2014 ఆగస్టు 12న ఉచితంగా వచ్చిన పీటీని మించిన పాఠం లేదు. ఎల్ ఆకారంలో ఒక ఇంటి నడవా, చివర తలుపు. తీస్తే మళ్ళీ అదే నడవా మొదలు. ప్రతి చుట్టులో ఒక్కటి మారుతుంది, దీపం, రేడియో, తలుపు సందు. పేరు కూడా ఎవరికీ తెలియని 7780ఎస్ స్టూడియోదని వేశారు. చివరిదాకా వెళితేనే గియెర్మో దెల్ తోరోతో కలిసి చేయబోయే సైలెంట్ హిల్స్ ప్రకటన అని తెలుస్తుంది. 2015లో ఆ గేమ్ ఆగిపోయింది, పీటీని స్టోర్లోంచి తీసేశారు. మీ ఆఫీసు వసారాకి ఈ ఉపాయం పట్టుకోండి: జాగ్రత్త దశలో ఆటగాడు తిరిగి వచ్చేసరికి ఇందాక మూసి ఉన్న తలుపు నాలుగు వేళ్ళ సందు తెరుచుకుని ఉండాలి. కొత్త మోడల్ అక్కర్లేదు, తలుపుని 12 డిగ్రీలు తిప్పడమే.

కొజిమా 2015 డిసెంబరులో కొనామీ వదిలి సొంత సంస్థ పెట్టారు. ఇంజిన్ లేదు, నెదర్లాండ్స్‌లోని గెరిల్లా వాళ్ళ డెసిమా ఇంజిన్ తీసుకుని 2019 నవంబరు 8న డెత్ స్ట్రాండింగ్ తెచ్చారు. నార్మన్ రీడస్, మ్యాడ్స్ మికెల్సెన్, లియా సెడూ నటించారు. దర్శకులు దెల్ తోరో, నికోలస్ వైండింగ్ రెఫ్న్ ముఖాలు ఇచ్చారు. 2020లో బ్రిటన్ వాళ్ళ బాఫ్టా ఫెలోషిప్ గౌరవం వచ్చింది. 2025 జూన్ 26న రెండో భాగం. ఇంత తారాగణం పెట్టుకుని ఆయన తీసిన కథ ఏమిటి? బరువు మోసే మనిషి కథ. వీపుమీద సామాను ఎంత ఎత్తు పేరిస్తే అంత తూలుతాడు, ఎడమ మీట, కుడి మీట పట్టుకుని నిలదొక్కుకోవాలి. ఊరు దగ్గరపడగానే కెమెరా వెనక్కి జరిగి పాట వస్తుంది.

పలాసలో కూర్చుని ఇది చూస్తే కళాసీలు గుర్తురాకుండా ఉండరు. పిక్కల బస్తా 80 కిలోలు. మీ గేమ్‌లో ఆటగాడు బస్తా ఎత్తుకుని అడ్డంగా పెట్టుకుంటే కావలివాడి చూపు ఆగుతుంది, కానీ నడక మూడో వంతుకి పడిపోవాలి, పరుగు ఉండకూడదు, దించేటప్పుడు దబ్బున చప్పుడవాలి. దించడానికి 1.2 సెకన్లు. సగంలో వదిలేస్తే చప్పుడు రెండింతలు. ఒక్క బస్తాతో మీకు దాపు, చప్పుడు, బరువు మూడూ వచ్చాయి.

నాగావళిఒడ్డు (శ్రీకాకుళం)

బస్తా ఆలోచన బాగుంది మాస్టారూ. దానికి కెమెరా కూడా తోడవ్వాలి: బస్తా ఎత్తగానే ఫీల్డ్ ఆఫ్ వ్యూ 50 నుంచి 42కి, ఒక సెకను తీసుకుని. చుట్టుపక్కల కనిపించేది తగ్గుతుంది, బరువు కళ్ళకి తెలుస్తుంది.

తెర బయట ఆడించడం గురించి కూడా ఒకటి చెప్పాలి, కొజిమాలో నాకు అన్నిటికంటే నచ్చేది అదే. మొదటి మెటల్ గేర్ చివర్లో రేడియోలో అధికారి కంప్యూటర్‌నే ఆపేయమంటాడు, మీ ఎంఎస్ఎక్స్‌ని. సాలిడ్‌లో మెరిల్ అనే పాత్ర రేడియో నంబరు 140.15 గేమ్‌లో ఎక్కడా చెప్పరు, సీడీ డబ్బా వెనక బొమ్మలో ఉంటుంది. మనసు చదివే శత్రువు మెమరీ కార్డులో ఏ గేములు దాచుకున్నారో చెబుతాడు, వాణ్ణి ఓడించాలంటే కంట్రోలర్ తీగ రెండో సాకెట్‌కి మార్చాలి. 2003లో ఆయన నిర్మాతగా వచ్చిన బోక్టాయ్‌లో అయితే క్యాట్రిడ్జ్‌కే వెలుతురు పసిగట్టే భాగం పెట్టారు, ఎండలోకి వెళితేనే ఆయుధానికి శక్తి. మార్చిలో, అక్టోబరులో పొద్దున్నే సూర్యకిరణం స్వామి పాదాలమీద పడే ఘడియ కోసం అరసవల్లిలో నిలబడే జనానికి ఈ గేమ్ వెంటనే అర్థమవుతుంది.

మీరు గేమ్‌ని బ్రౌజర్ పేజీలో పెడతారు కాబట్టి డబ్బా ఉండదు. పేజీ పైన వేసే పోస్టర్‌లో గోదాం గోడమీద బస్తాల లాటు నంబరు ఒకటి సుద్దతో రాసినట్టు గీయండి, ఆఫీసు పెట్టె తాళం అంకె అదే కావాలి. పోస్టర్ వెడల్పు 630 పిక్సెళ్ళే అయినా చదవగలిగేలా అంకె ఎత్తు కనీసం 24 పిక్సెళ్ళు ఉంచండి. ఫోనులో చూసేవాళ్ళకి పోస్టర్ అంచులు తెగిపోవచ్చు, మధ్యలోనే గీయండి.

జీడితోట (పలాస)

బొమ్మని 180 తిప్పాక కావలివాడు సరిగ్గా చూస్తున్నాడు. నేల ముక్కలు చేశాం, బల్బులన్నీ వెలిగాయి. కట్‌సీన్ 4 నిమిషాల నుంచి 62 సెకన్లకి దింపాం, టైటిల్ గోదాం తలుపు దగ్గరికి మార్చాం. బస్తా దించే చప్పుడు రికార్డు చెయ్యాలి. నిజమైన బస్తాతోనే చెయ్యాలా?

కోటగుమ్మం (విజయనగరం)

80 కిలోలది ఎత్తకండి, నడుములు పోతాయి. గోనెసంచిలో 15 కిలోల పిక్కలు పోసి, మూతి కట్టి, మోకాలెత్తు నుంచి సిమెంటు నేలమీద వదలండి. మైకు ఒకటిన్నర మీటరు దూరంలో, నేలకి జానెడు ఎత్తున పెట్టండి. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, మోనో. లెవెల్ పీక్ మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఉండాలి, సున్నాకి దగ్గరగా పెడితే దబ్బు అన్నచోట పగిలిపోతుంది, తర్వాత బాగుచెయ్యలేరు. ఒకటి కాదు, ఐదు సార్లు వదలండి, గేమ్‌లో మార్చి మార్చి వాడాలి. బరువు కోసం ఆ శబ్దాన్ని నాలుగు సెమీటోన్లు (అర స్వరాలు) దించండి. కానీ దించితే పిక్కల గలగల కూడా మొద్దుబారుతుంది, అందుకని గలగల విడిగా గుప్పెడు పిక్కలతో రికార్డు చేసి, దించకుండా దానిమీద కలపండి.